ఆరో నిమిషంలో చిటపట: ఒక నాటకశాల శబ్ద నెట్‌వర్క్ డైరీ

మొదటి రోజు

గోదావరి జిల్లాల్లో ఆరు వందల కుర్చీలున్న ఈ నాటకశాలలో ఇన్నేళ్లూ వేదిక నుంచి మిక్సర్ దాకా శబ్దాన్ని మోసింది మణికట్టంత లావున్న 24 చానెళ్ల మల్టీకోర్ కేబుల్. దాని లోపలి తీగల్లో ఏడు తెగిపోయాయి, మిగిలినవాటిలో లైట్ల డిమ్మర్ల నుంచి వచ్చే గుయ్‌మనే మోత స్థిరపడిపోయింది. నాటక పరిషత్తు పోటీలకు మూడు వారాల ముందు దాన్ని తీసివేసి, శబ్దాన్ని నెట్‌వర్క్ మీద నడిపించడానికి కమిటీవారు ఒప్పుకున్నారు. వేదిక ఎడమ వింగులో 32 మైకులు పట్టే స్టేజ్ బాక్స్, హాలు చివర డిజిటల్ మిక్సర్, దాని పక్కన ప్రతిధ్వని జోడించే రివర్బ్ వంటి ప్లగిన్లు (శబ్దాన్ని మలిచే సాఫ్ట్‌వేర్లు) నడిపే కంప్యూటర్, రికార్డింగుకు ఒక లాప్‌టాప్, రెండు చోట్లా నెట్‌వర్క్ కేబుళ్లను కలిపే స్విచ్ చెరొకటి పెట్టాము. స్విచ్‌ల మధ్య 72 మీటర్ల క్యాట్ సిక్స్ కేబుల్ లాగాము. రాగి తీగకు ఉన్న హద్దు 100 మీటర్లు కాబట్టి ఫైబర్ అవసరం రాలేదు. పరికరాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే పద్ధతి డాంటే. స్పీకర్ల ప్రాసెసర్ మాత్రం వేరే తయారీది కావడంతో దానితో ఏఈఎస్67 ప్రమాణంలో మాట్లాడించాలి.

రాతపని ముందే చేసుకున్నాను. ఒక చానెల్‌లో సెకనుకు 48,000 నమూనాలు, ఒక్కొక్కటి 24 బిట్లు, అంటే 1.152 మెగాబిట్లు. నాలుగు చానెళ్లను ఒక మూటగా కట్టి పంపితే, చిరునామాలూ హంగులూ కలిపి సుమారు 6 మెగాబిట్లు అవుతుంది. 32 చానెళ్లకు ఎనిమిది మూటలు, 48 మెగాబిట్లు. వెయ్యి మెగాబిట్ల దారిలో ఇది ఒక మూలకు చాలదు. కాబట్టి దారి వెడల్పు గురించి దిగులు లేదు, ఉన్న దిగులంతా సమయం గురించే. రెండు నమూనాల మధ్య ఎడం 20.8 మైక్రోసెకన్లు. హాలులోని ప్రతి పరికరమూ అంతకన్నా సన్నని ఖచ్చితత్వంతో ఒకే గడియారాన్ని పాటించాలి.

సాయంత్రానికి శబ్దం వచ్చింది. ప్రతి పరికరపు ఫర్మ్‌వేర్ (లోపల నడిచే సాఫ్ట్‌వేర్) సంఖ్యనూ ఒక నోట్‌బుక్కులో రాసుకుని తాళం వేశాము.

రెండో రోజు

ఒకే ఒక మైకు తెరిచి మాట్లాడుతుంటే సన్నగా టప్, టప్ అని వినిపించింది. విచిత్రమేమిటంటే, 32 చానెళ్లనూ లాప్‌టాప్‌లోకి పంపుతూ పరీక్షించినప్పుడు ఆ చప్పుడు బాగా తగ్గింది. బరువు పెరిగితే బాధ పెరగాలి గానీ తగ్గడమేమిటని కాసేపు బుర్ర గోక్కున్నాము. కారణం వేదిక దగ్గర పెట్టిన చౌక రకపు స్విచ్‌లో ఉంది. దాని పెట్టె మీద విద్యుత్తు ఆదా చేస్తుందని గొప్పగా అచ్చువేశారు. 802.3ఏజడ్ అనే ఆ ఏర్పాటు దారి ఖాళీగా ఉన్న క్షణాల్లో పోర్టును, అంటే కేబుల్ తగిలే కన్నాన్ని, నిద్రపుచ్చుతుంది. గిగాబిట్ పోర్టు మేలుకోవడానికి సుమారు 16 మైక్రోసెకన్లు పడుతుంది. మామూలు ఇంటర్నెట్టుకు అది లెక్కలోకి రాదు. కానీ గడియారం సరిచూసుకునే సందేశం ఒకసారి నిద్రలో ఉన్న పోర్టుకూ మరొకసారి మేలుకున్న పోర్టుకూ తగిలితే, దాదాపు ఒక నమూనా కాలమంత తేడా పడుతుంది. దారి రద్దీగా ఉన్నప్పుడు పోర్టు నిద్రపోయే అవకాశమే తక్కువ, కాబట్టి చప్పుడూ తక్కువ.

ఆ స్విచ్‌లో దీన్ని ఆపే వీలు లేదు. కొన్న దుకాణంలో తిరిగి ఇచ్చేసి, అమర్పులు మార్చుకోగల రకం తెచ్చాము. రెండు స్విచ్‌లలోనూ ఆదా ఏర్పాటును ప్రతి పోర్టుకూ ఆపి, గడియారపు సందేశాలకు మొదటి ప్రాధాన్యం, శబ్దానికి రెండో ప్రాధాన్యం వచ్చేలా సందేశాల మీద ఉండే డీఎస్‌సీపీ 56, 46 అనే ప్రాధాన్యపు గుర్తులను గౌరవించమని చెప్పాము. టప్, టప్ ఆగిపోయింది. ఆగిపోయిందనే అనుకున్నాము.

నాలుగు, ఐదు రోజులు

మా పని మొత్తంలో ఎక్కువ గంటలు తిన్నది ఈ లోపమే కాబట్టి వివరంగా రాస్తున్నాను.

నాలుగో రోజు రిహార్సల్‌లో పద్యం మధ్యలో ఒక్కసారిగా చిటపటలు మొదలయ్యాయి. నూనెలో ఆవాలు వేసినట్టు ఒక అర నిమిషం, తర్వాత నిశ్శబ్దం, మళ్లీ చిటపట. స్విచ్‌లను ఆపి మళ్లీ వేయగానే తగ్గిపోయింది. మరో పద్యం ఎత్తుకోగానే మళ్లీ వచ్చింది. మళ్లీ ఆపి వేశాము, మళ్లీ తగ్గింది. అక్కడున్న నలుగురిలో ముగ్గురు “రీస్టార్ట్ చేస్తే పోతోంది కదా, అంకానికీ అంకానికీ మధ్య తెర వేసినప్పుడు ఒకసారి చేసేద్దాం” అని తీర్మానించారు. నేను కూడా ఆ రాత్రి అలసటలో దాదాపు ఒప్పుకున్నాను. తెలియని కారణానికి దొరికిన ఉపాయం ఎంత ప్రమాదమో అప్పటికి నాకు తట్టలేదు.

మరునాడు నా సహాయకుడు ఫోనులో స్టాప్‌వాచ్ పెట్టుకుని కూర్చున్నాడు. మూడోసారి కూడా అదే లెక్క రావడంతో వచ్చి చెప్పాడు: “అన్నా, పాటతోనూ మాటతోనూ సంబంధం లేదు. స్విచ్ పూర్తిగా లేచిన దగ్గర నుంచి ఆరు నిమిషాలకు వస్తోంది.” ఇద్దరం డాంటే పరికరాలను చూపించే, సర్దే డాంటే కంట్రోలర్ అనే సాఫ్ట్‌వేర్‌లో గడియారాల పట్టిక తెరిచి రెప్ప వేయకుండా చూశాము. మొదట స్టేజ్ బాక్స్ ఒక్కటే ప్రధాన గడియారంగా, మిక్సర్ దాన్ని అనుసరించేదిగా కనిపించాయి. నాలుగు నిమిషాల ఇరవై సెకన్ల దగ్గర మిక్సర్ కూడా తనను తాను ప్రధాన గడియారంగా ప్రకటించుకుంది. ఒక నెట్‌వర్క్‌లో ఇద్దరు నాయకులు. అప్పటికి శబ్దం శుభ్రంగానే ఉంది. చిటపటలు మొదలైంది ఇంకో నిమిషంన్నర దాటాక.

4 నిమిషాల 20 సెకన్లంటే 260 సెకన్లు. ఆ సంఖ్య చూశాక దారి దొరికింది. గడియారపు సందేశాలు మల్టీకాస్ట్ పద్ధతిలో, 224.0.1.129 అనే గుంపు చిరునామాకు వెళ్తాయి. స్విచ్‌లోని ఐజీఎంపీ స్నూపింగ్ అనే ఏర్పాటు, ఏ గుంపు సందేశాలు ఏ పోర్టుకు కావాలో గుర్తుపెట్టుకుని అక్కడికే పంపుతుంది. పరికరం కొత్తగా తగిలించినప్పుడు “నాకూ ఆ గుంపు కావాలి” అని ఒకసారి అడుగుతుంది. ఆ తర్వాత 125 సెకన్లకొకసారి “ఇంకా ఎవరికైనా కావాలా?” అని వాకబు చేసేది ఒకటి ఉండాలి, దాన్ని క్వెరియర్ అంటారు. రెండు వాకబుల కాలం, జవాబుకు పది సెకన్ల గడువు కలిపి 260 సెకన్లలో ఏ కబురూ రాకపోతే స్విచ్ ఆ పోర్టు పేరు కొట్టేస్తుంది. మేము కొత్త స్విచ్‌లలో స్నూపింగ్ వేశాము, క్వెరియర్ వేయలేదు. పిలుపులు రాని పెళ్లింట్లో భోజనాల పట్టిక రాసుకున్నట్టయింది.

మరి శబ్దం మరో నిమిషంన్నర ఎందుకు నిలిచింది? శబ్దపు మూటలు మల్టీకాస్ట్ కావు, పంపేదాని నుంచి అందుకునేదానికి నేరుగా వెళ్తాయి, కాబట్టి వాటికి అడ్డు లేదు. ఆగిపోయింది సమయం ఒక్కటే. రెండు పరికరాల్లోని స్ఫటికాలు ఎంత మంచివైనా కొంత తేడాగా నడుస్తాయి. ఆ తేడా పది లక్షల్లో పది వంతులనుకుంటే, నిమిషానికి 0.6 మిల్లీసెకన్లు ఎడం పెరుగుతుంది. మేము పెట్టుకున్న ఆలస్యపు పరిమితి 1 మిల్లీసెకను. రెండు నిమిషాలు తిరగక ముందే మూటలన్నీ గడువు దాటి వచ్చినవిగా లెక్కకొస్తాయి, అందుకునే పరికరం వాటిని పారేస్తుంది. స్విచ్‌లను ఆపి వేస్తే పరికరాలు మళ్లీ అడుగుతాయి, మళ్లీ 260 సెకన్ల ఆయుష్షు దొరుకుతుంది. మాకు నయమైనట్టు కనిపించింది అదే. తెర వేసిన ప్రతిసారీ రీస్టార్ట్ చేసి ఉంటే ప్రతి అంకమూ ఆరో నిమిషంలో చెడిపోయేది.

దీనికి రెండు దారులున్నాయి. మల్టీకాస్ట్ శబ్దం లేని చిన్న నెట్‌వర్క్ అయితే స్నూపింగ్‌ను పూర్తిగా ఆపేయడమే సులువు, నేనైతే అదే చేయమంటాను. మాకు ఆ వీలు లేదు, ఎందుకంటే స్పీకర్ల ప్రాసెసర్‌కు వెళ్లే ఏఈఎస్67 శబ్దం మల్టీకాస్ట్‌గానే వెళ్తుంది. స్నూపింగ్ లేకపోతే అది వైర్‌లెస్ మైకుల రిసీవర్ల 100 మెగాబిట్ల చిన్న పోర్టులను కూడా ముంచెత్తుతుంది. కాబట్టి మిక్సర్ దగ్గరి స్విచ్‌లో క్వెరియర్ వేసి, స్టేజ్ బాక్స్‌కు ప్రధాన గడియారంగా ప్రాధాన్యమిచ్చాము. ఐదో రోజు రాత్రి పన్నెండు దాటేవరకు కూర్చుని చూశాము. నాయకుడు ఒక్కడే ఉన్నాడు.

ఏడో రోజు

ఏఈఎస్67 జత కలిపే పని ఇవాళ జరిగింది. ఈ ప్రమాణం 2013లో వచ్చింది. డాంటే పాత తరపు గడియారపు ప్రోటోకాల్ మొదటి కూర్పును వాడితే, ఇది రెండో కూర్పును వాడుతుంది. స్టేజ్ బాక్స్‌లో ఏఈఎస్67 వేసి మళ్లీ మొదలుపెట్టగానే అది రెండు కూర్పులకూ మధ్య దుబాసీగా నిలబడింది. గుంపు చిరునామాల్లో మొదటి చుక్క తర్వాతి సంఖ్య రెండు వైపులా ఒకటే ఉండాలని గుర్తులేక ఒక గంట పోయింది: ఒకవైపు 239.69 ఉంది, మరోవైపు ఎవరో మార్చి పెట్టారు. ఇంకొక సంగతి, ఈ పద్ధతిలో డాంటే 48 కిలోహెర్ట్జ్ తప్ప వేరే రేటు ఒప్పుకోదు. 96లో పనిచేయాలని సరదా పడే మిత్రులు దీన్ని ముందే చూసుకోవాలి.

తొమ్మిదో రోజు

పేర్ల గొడవ. స్టేజ్ బాక్స్ ఫ్యాక్టరీ నుంచి ఒక అర్థంకాని అక్షరాల పేరుతో వచ్చింది. వింగులో పనిచేసే కుర్రాళ్లకు తెలిసేలా “ఎడమ వింగు” అని పెడదామనుకుంటే తెలుగు అక్షరాలు పట్టవు. ఇంగ్లిషు అక్షరాలు, అంకెలు, అడ్డగీత మాత్రమే, అవీ 31కి మించకూడదు. సరే, ఇంగ్లిషు అక్షరాల్లోనే పేరు మార్చి, తెలుగు పేరును తెల్ల టేపు మీద రాసి అంటించాము. మార్చిన మరుక్షణం మిక్సర్‌లోని 32 దారులూ తెగిపోయాయి.

ఇది లోపం కాదు, రూపకల్పనే అలా ఉంది. ఏ చానెల్ ఎక్కడి నుంచి రావాలన్నది అందుకునే పరికరం, పంపే పరికరం పేరును బట్టి గుర్తుపెట్టుకుంటుంది, సంఖ్యతో కాదు. పేరు మారితే దానికి పాత మనిషి చచ్చిపోయినట్టే. అందుకే ముందు పేర్లు, తర్వాత దారులు అని రాసుకున్నాము. ఇదే గుణం మరోచోట మేలు చేస్తుంది: స్టేజ్ బాక్స్ పాడై అద్దెకు మరొకటి తెస్తే, దానికి పాత పేరు పెడితే చాలు, 32 దారులూ వాటంతటవే అతుక్కుంటాయి. పాతదాన్ని ఆపకుండా కొత్తదానికి అదే పేరు పెట్టకూడదు. అమరిక మొత్తాన్ని ఒక ఫైలుగా కంట్రోలర్‌లో భద్రపరచి పెన్‌డ్రైవ్‌లో కూడా పెట్టాము.

పదకొండో రోజు

పద్య నాటకం బృందం వచ్చింది. గొంతు హెచ్చుతగ్గులను సర్దే కంప్రెసర్, రివర్బ్ రెండూ కంప్యూటర్ లోని ప్లగిన్లతోనే ఇవ్వాలన్నది నా ముచ్చట. నటుడు పద్యం ఎత్తుకుని రాగం తీస్తుండగా హార్మోనియం మాస్టారు వాయించడం ఆపి నా వైపు చూశారు. “ఏమండీ, మావాడి వెనకాల ఇంకెవడో దాక్కుని పాడుతున్నట్టుందండీ” అన్నారు. యంత్రాలు చెప్పనిది ఆయన చెవి చెప్పింది.

కొలిచి చూస్తే, మిక్సర్ నుంచి కంప్యూటర్‌కు వెళ్లి తిరిగి రావడానికి 13 మిల్లీసెకన్లు దాటింది. లెక్క ఇలా తేలింది. కంప్యూటర్‌లో వాడుతున్న డాంటే వర్చువల్ సౌండ్‌కార్డ్ 4, 6, 10 మిల్లీసెకన్ల ఆలస్యాల్లోనే నడుస్తుంది, అతి తక్కువదైన 4 పెట్టినా పోవడానికీ రావడానికీ కలిపి 8. ప్లగిన్ల సాఫ్ట్‌వేర్‌లో 128 నమూనాల బఫర్ రెండు వైపులా కలిపి 5.3. గాలిలో శబ్దం మిల్లీసెకనుకు 34 సెంటీమీటర్లు పోతుంది కాబట్టి, మానిటర్ బాక్సును నటుడి నుంచి మరో నాలుగున్నర మీటర్లు వెనక్కి జరిపినట్టు. అంతకన్నా చేటు ఏమిటంటే, నేరుగా వచ్చే గొంతూ ఈ ఆలస్యపు గొంతూ ఒకే బాక్సులో కలిసినప్పుడు సుమారు 38 హెర్ట్జ్ దగ్గర మొదలై ప్రతి 77 హెర్ట్జ్‌కూ ఒక గుంట పడుతుంది, గొంతు గొట్టంలోంచి వచ్చినట్టవుతుంది.

ఈ పని కోసమే చేసిన కార్డును కంప్యూటర్‌లో బిగిస్తే ఆలస్యం బాగా తగ్గుతుంది, ఈ ఏడాది దానికి డబ్బు లేదు. ఉపాయంగా కంప్రెసర్‌ను మిక్సర్‌లోకి మార్చి, మానిటర్‌కు మిక్సర్ నుంచే రివర్బ్ లేని పొడి గొంతు ఇచ్చి, కంప్యూటర్‌కు రివర్బ్ పని మాత్రమే వదిలాము. రివర్బ్ ఎలాగూ మూల ధ్వని తర్వాత కొంత ఆగి మొదలవుతుంది. ప్లగిన్‌లో ఆ విరామాన్ని 30 నుంచి 17 మిల్లీసెకన్లకు తగ్గిస్తే దారిలోని 13 అందులో కలిసిపోయాయి. మాస్టారు మళ్లీ నా వైపు చూడలేదు, వాయించుకుంటూ పోయారు.

అదే కంప్యూటర్‌లో ఇంకో రెండు సంగతులు. కంట్రోలర్ తెరిస్తే ఒక్క పరికరం కూడా కనిపించలేదు, శబ్దం మాత్రం నడుస్తూనే ఉంది. పరికరాలను వెతికే సందేశాలు 5353 అనే పోర్టు మీద వస్తాయి (ఇది స్విచ్ కన్నం కాదు, కంప్యూటర్ లోపలి సాఫ్ట్‌వేర్ తలుపు). విండోస్ ఫైర్‌వాల్ వాటిని ఆపింది. ఆ నెట్‌వర్క్‌ను ప్రైవేటుగా మార్చి అనుమతిస్తే సరిపోయింది. పట్టికలో కనిపించకపోవడం వేరు, శబ్దం పోవడం వేరు అని కుర్రాళ్లకు చెప్పాను, లేకపోతే కంగారులో స్విచ్ లాగేస్తారు. రెండోది, ఉండుండి వచ్చే ఒక్కొక్క టప్ మోత. అది వైఫై పరికరపు డ్రైవర్ ప్రాసెసర్‌ను పట్టి ఉంచడం వల్ల వస్తోందని, ఇలాంటి ఆలస్యాలను పట్టి చూపే లేటెన్సీమాన్ అనే సాఫ్ట్‌వేర్‌లో కనిపించింది. వైఫై ఆపి, విద్యుత్ ఆదా ప్లాన్ మార్చి, కంప్యూటర్ నిద్రపోకుండా చేశాము.

పదమూడో రోజు

ఒప్పుకోవలసిన తప్పు. స్టేజ్ బాక్స్‌కు కొత్త ఫర్మ్‌వేర్ వచ్చిందని చూసి ఎక్కించాను. శబ్దం వచ్చింది గానీ, మిక్సర్ నుంచి మైకుల గెయిన్ (శబ్దాన్ని పెంచే మోతాదు) తిప్పితే బాక్స్ లో కదలలేదు. శబ్దపు దారి డాంటే చూసుకుంటుంది. గెయిన్ తిప్పే సందేశాలు మాత్రం తయారీదారు సొంత భాషలో పోతాయి, ఆ భాష కొత్త కూర్పులో మారింది. మిక్సర్‌ను కూడా కొత్తదానికి తీసుకెళ్లాలంటే పాత సీన్లు (మిక్సర్‌లో భద్రపరచిన అమరికలు) చదువుతుందో లేదో చూసే వ్యవధి లేదు. పాత ఫైలు నా దగ్గర ఉంది కాబట్టి వెనక్కి వెళ్లగలిగాను. పోటీలు ముగిసేవరకు ఎవరూ, ముఖ్యంగా నేను, ఏ పరికరాన్నీ అప్‌డేట్ చేయకూడదని మిక్సర్ మీద చీటీ అంటించాము.

పదిహేనో రోజు

మధ్యాహ్నం కరెంటు పోయింది, మంచిదే అయింది. జనరేటర్ అందుకున్నాక స్టేజ్ బాక్స్ ఇరవై సెకన్లలో లేచి కూర్చుంది, స్విచ్‌లు లేవడానికి రెండు నిమిషాలు పట్టింది, ఆ తర్వాత కూడా కొన్ని పోర్టులు మరో అర నిమిషం మూగగా ఉన్నాయి. కేబుళ్లు చుట్టూ తిరిగి ఉచ్చు పడకుండా స్విచ్‌లో కాపలా కాసే స్పానింగ్ ట్రీ, పాత రకపుదైతే, ప్రతి పోర్టునూ 15 సెకన్లు విని, మరో 15 సెకన్లు నేర్చుకుని గానీ తెరవదు. పరికరాలు తగిలే పోర్టులన్నిటినీ చివరి పోర్టులుగా ప్రకటించాక ఆ అర నిమిషం పోయింది. రెండు స్విచ్‌లకూ కంప్యూటర్‌కూ యూపీఎస్ పెట్టాము. స్టేజ్ బాక్స్‌కు కూడా కావాలని నా సహాయకుడు గుర్తుచేశాడు, ప్రధాన గడియారం అదే కదా. చిన్నది ఒకటి దానికీ దొరికింది.

సాయంత్రం ఇంకొకటి. శుభ్రం చేయడానికి వచ్చిన పెద్దాయన స్టేజ్ బాక్స్ వెనక వేలాడుతున్న కేబుల్‌ను పాపం ఎక్కడిదో అని పక్కనున్న ఖాళీ కన్నంలో పెట్టేశారు. బాక్స్ రెండు పోర్టులూ అదే స్విచ్‌కు తగిలాయి. అప్పటికి మేము బాక్స్‌ను మామూలు స్విచ్ పద్ధతిలోనే ఉంచాము, అంటే రెండు పోర్టులూ లోపల కలిసే ఉంటాయి, ఉచ్చు బిగిసింది. స్పానింగ్ ట్రీ అడ్డుకోవలసిన చోటే మేము చివరి పోర్టులంటూ కాపలా సడలించాము. స్విచ్ దీపాలన్నీ దీపావళి సీరియల్ సెట్టులా ఒకేసారి మిణికాయి, శబ్దం పూర్తిగా పోయింది. బాక్స్‌ను రెండు దారుల పద్ధతికి మార్చి, రెండో పోర్టుకు విడి స్విచ్, విడి కేబుల్ ఇచ్చాము. ఖాళీ కన్నాలకు టేపు వేశాము. ఇప్పుడు మొదటి దారి తెగితే రెండోది మాటైనా తడబడకుండా అందుకుంటుంది. లాగి చూశాము కూడా.

పోటీల వారం

ఐదు రోజులు, రోజుకు మూడు నాటకాలు. ర్యాక్ తలుపు లోపల ఒక పట్టిక అంటించాము: ఏ లక్షణం, ఏ కారణం, ఏ ఉపాయం, ఏ ఫర్మ్‌వేర్ సంఖ్య వరకు ఆ ఉపాయం అవసరం. చివరి గడి నేను పట్టుబట్టి చేర్చాను, ఎందుకంటే కారణం పోయాక కూడా ఉపాయాలు ఆచారాలై మిగిలిపోతాయి. ఎప్పుడో ఎవరో చెప్పారని మైకు ప్లగ్గును మూడుసార్లు తిప్పి పెట్టే ఆపరేటర్లను చూశాను. నాలుగో రోజు వేలాడే మైకుల్లో ఒకటి మూగబోతే కుర్రాళ్లు పట్టికంతా వెతికి, చివరికి వేదిక మీద తీగ ఊడిందని కనుక్కున్నారు. నెట్‌వర్క్ జోలికి ఎవరూ పోలేదు.

ఒక లోపం మిగిలింది. మిక్సర్‌లో సీన్ మార్చినప్పుడు కంప్యూటర్ నుంచి తిరిగొచ్చే రివర్బ్ ఒక్కోసారి అర క్షణం తెగుతోంది. నెట్‌వర్క్‌లో ఆ సమయానికి ఏ తేడా కనిపించదు, గడియారం నిలకడగానే ఉంది. దారుల అమరికను సీన్‌లో భద్రపరచకుండా మినహాయిస్తే ఆగింది. కారణం కింద గడి ఖాళీగానే ఉంచాను.

పోటీల తర్వాత

కమిటీవారికి చూపించడానికి పైకప్పు కింద కేబుళ్ల దారి గీస్తుంటే సిగ్గుపడవలసిన విషయం బయటపడింది: ఒకటి పోతే మరొకటి అని లాగిన రెండు కేబుళ్లూ ఒకే గొట్టంలో పక్కపక్కనే ఉన్నాయి. పాత మల్టీకోర్‌ను ఎలుకలు కొరికింది అదే గొట్టంలో. రెండోదాన్ని కుడి వైపు గోడ మీదుగా తిప్పితే 88 మీటర్లవుతుందని టేపుతో కొలిచాము. వచ్చే సోమవారం గొట్టం బిగించే మేస్త్రి వస్తాడు.